మూడో కూపన్

మొదటి రోజు

సిరిసిల్ల బస్టాండులో కామారెడ్డి బస్సు కోసం నిలబడ్డాం, నేనూ మా మేనకోడలూ. ఏప్రిల్ ఎండ అప్పటికే నెత్తి మాడుస్తోంది. బట్టల సంచి నా దగ్గరుంది. పిల్ల తన కాలేజీ బ్యాగును ముందుకు తిప్పుకుని రెండు చేతులతో పట్టుకుంది. అందులో ఉన్నది ఒక ప్లాస్టిక్ కవరు, ఆ కవర్లో మూడు కాగితం ముక్కలు.

పిల్లకు 17 ఏళ్లు. తండ్రిని ఇంతవరకు చూడలేదు. 2006 వానాకాలంలో మా అక్క అయిదు నెలల కడుపుతో ఉన్నప్పుడు మా బావ మహారాష్ట్రలోని భివండి పోయాడు. అట్లా పోవడం మా ఊళ్లో వింతేం కాదు. సిరిసిల్ల పద్మశాలీలు తరతరాలుగా భివండి, సోలాపూర్, సూరత్ పోయి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతుకుతున్నారు. ఆ ఏళ్లలో మరీ ఎక్కువ. అప్పులు మీద పడి నేతకార్మికులు ప్రాణాలు తీసుకుంటుంటే జనం సిరిసిల్లను ఉరిసిల్ల అనేవాళ్లు. పోయినవాళ్లు దసరాకో, ఇంట్లో పెళ్లికో వచ్చేవాళ్లు. బావ రాలేదు.

ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు మార్చిలో అయిపోయిన సాయంత్రం పిల్ల వాళ్లమ్మ ముందు కూర్చుని "ఒక్కసారి ఆయనను చూసొస్తనే" అంది. అక్క బీడీల చాట ముందు ఉంది. ఏం మాట్లాడలేదు. నాలుగు రోజులు ఇంట్లో ఆ మాటే లేదు. అయిదో రోజు పొద్దున ఇనుప పెట్టె అడుగు నుంచి ఈ మూడు ముక్కలు తీసి పిల్ల చేతిలో పెట్టి, మళ్లీ చాట ముందు కూర్చుంది. తర్వాత నాకు ఫోన్ చేసింది. "నువ్వు తోలుకపో. ఒక్కదాన్ని పంపను."

అవి మనియార్డర్ కూపన్లు. ఫారం అడుగున చిన్న ముక్క ఉండేది. పోస్ట్‌మన్ డబ్బులు లెక్కబెట్టి ఇచ్చి, ఆ ముక్క చింపి చేతిలో పెట్టేవాడు. పంపినవాళ్ల అడ్రసు, రెండు మాటలు రాసుకునేందుకు కాస్త జాగా, అంతే ఉండేది. ఆ పాత పద్ధతి మనియార్డర్లను తపాలా శాఖ 2015లో ఆపేసింది. పిల్ల వాటిని చూడడం ఇదే మొదటిసారి. మొదటి దాని మీద "పైసలు అందగానే ఉత్తరం రాయి" అని ఉంది. రెండో దాని మీద "పానం జాగ్రత్త, దవాఖానకు పో". మూడోది 2007 ఫిబ్రవరిది. పిల్ల పుట్టి అప్పటికి రెండు నెలలు. దాని మీద ఒకటే వాక్యం: "పాప పేరు ఏం పెట్టిండ్రు".

బస్సు ఎల్లారెడ్డిపేట, మాచారెడ్డి మీదుగా కామారెడ్డి చేరింది. దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో సీట్లు దొరికాయి. నిజామాబాద్ దాటి బాసర దగ్గర గోదావరి బ్రిడ్జి మీదికి రాగానే జనం కిటికీల దగ్గరికి వచ్చి రూపాయి బిళ్లలు వేశారు. పిల్లకు బాసరలోనే అక్షరాభ్యాసం చేయించాం. ఆ రోజు పంతులు గోత్రం అడిగి, తండ్రి పేరు అడిగితే మా నాన్న అందుకుని చెప్పాడు. అక్క పక్కనే ఉండి తల దించుకుంది. పదో తరగతి మెమో మీద, కాలేజీ ఫారం మీద, ఎక్కడ తండ్రి పేరు అని ఉన్నా పిల్ల ఆ పేరు రాస్తూనే వచ్చింది. ఇంట్లో మాత్రం ఎవరం పలకలేదు. మేం ఆయన్ను తిట్టను కూడా తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పిల్లకు ఆయన గురించి నాలుగు సంగతులైనా తెలిసేవి.

నాందేడ్ దాటాక బోగీలో లైట్లు ఒక్కొక్కటే ఆర్పేశారు. పై బెర్తు మీద నుంచి పిల్ల తల కిందికి వంచింది.

"మామా, ఏమని పిలువాలె?"

"ఎవరిని?"

"ఆయననే. డాడీ అనన్నా? మీ ఇంట్ల తాతను మీరంత బాపు అంటరు. నేను ఎవరిని ఏమనలే గద ఇంతవరకు."

ఏం చెప్పాలో తోచక "నోటికి ఏదొస్తే అది అను" అన్నాను. పిల్ల కాసేపు అట్లాగే నన్ను చూసి తల వెనక్కి తీసుకుంది. ఔరంగాబాద్ దాకా నాకు నిద్ర పట్టలేదు. నా సంచిలో ఒక ఫైలు ఉంది. పిల్ల బర్త్ సర్టిఫికెట్, మెమోలు, అక్క పెళ్లి ఫొటో జిరాక్సు. తెలిసిన వకీలుతో ముందే మాట్లాడాను. 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం ప్రకారం తన కాళ్ల మీద తాను నిలబడలేని పెళ్లికాని కూతురి పోషణ తల్లిదండ్రుల బాధ్యత అని ఆయన చెప్పాడు. బావ దొరికితే ఇంజినీరింగ్ ఫీజు సంగతి ఆ నాలుగు గోడల మధ్యే తేల్చుకోవాలన్నది నా ఆలోచన. అది పిల్లకు చెప్పలేదు.

రెండో రోజు

కసారా ఘాట్ సొరంగాలు చీకట్లోనే దాటిపోయాయి. కళ్యాణ్‌లో దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. అప్పటికే లోకల్ రైళ్ల జనం. భివండి బస్సు ఎక్కాం. దుర్గాడి కోట పక్కన ఖాడీ (సముద్రపు పాయ) మీది వంతెన దాటితే కోన్ గ్రామం, ఆ తర్వాత రోడ్డు పొడుగునా టెంపోలు, లారీలు. చెమట కారిపోతోంది. మా దగ్గర ఎండ కాలుస్తుంది కానీ ఇట్లా ఒంటికి అతుక్కోదు.

భివండిలో బస్సు దిగి ఒక సందు మలుపు తిరిగామో లేదో పిల్ల ఆగిపోయింది. "మామా, సాంచాలు" అంది. రేకుల షెడ్డులోంచి ఖటఖటమని అదే చప్పుడు. సిరిసిల్లలో బీవై నగర్, సుందరయ్య నగర్ దిక్కు పోతే పొద్దంతా వినబడే చప్పుడే. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే నిద్రపోయిన పిల్ల. ఈ ఏడాది మొదట్లో ఆర్డర్లు లేక మా ఊళ్లో సాంచాలు ఆగిపోయినప్పుడు, రాత్రిళ్లు ఊరంతా నిశ్శబ్దమై నిద్ర పట్టడం లేదని అక్క ఫోన్లో అంది. ఇక్కడ ఆ చప్పుడు వినగానే పిల్ల మొహంలో టెన్షన్ కాస్త తగ్గింది. గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూసింది. బనీన్ల మీద, లుంగీల మీద మనుషులు, ఒక్కొక్కరు నాలుగైదు సాంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతున్నారు. గాలిలో దూది నూగు తేలుతోంది. ఒకాయన తెగిన పడుగు పోగును వేళ్లతో వెతికి, ముడేసి, సాంచెను మళ్లీ నడిపించాడు. అది చూస్తూ పిల్ల అక్కడే చాలాసేపు నిలబడింది. ఆ మనిషి ఉత్తరప్రదేశ్ వాడని తర్వాత తెలిసింది.

కూపన్ మీది అడ్రసు కామత్‌ఘర్. ఆటో అతనికి కాగితం చూపిస్తే కారఖానా పేరు చదివి తల అడ్డంగా ఊపాడు. అయినా తీసుకుపోయాడు. అక్కడ సాంచాల షెడ్డు లేదు. గోదాము ఉంది. అట్టపెట్టెలు, వాటిని దింపుతున్న కూలీలు, గేటు దగ్గర కుర్చీలో ఒక కుర్రవాడు. భివండి ఇప్పుడు చాలా మేరకు గోదాముల ఊరు. ఆన్‌లైన్‌లో మనం కొనే సామానులో ఎంతో భాగం ఇక్కడి షెడ్లలోంచే కదులుతుంది. ఆ కుర్రవాడికి ఇక్కడ ఒకప్పుడు బట్ట నేసేవాళ్లన్న సంగతే తెలియదు.

సాయంత్రం దాకా పద్మానగర్‌లో తిరిగాం. అక్కడ అడుగడుగునా తెలుగే. దుకాణాల బోర్డుల మీద తెలుగు పేర్లు, గోడ మీద మార్కండేయుడి పటం, అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లు కరీంనగర్ యాసలో "ఏ ఊరు బిడ్డా" అని అడగడం. నేను బావ పేరు, ఇంటిపేరు చెప్పేవాణ్ని. ఆ పేరుతో అక్కడ ముగ్గురున్నారు. ఒకాయన చనిపోయి ఆరేళ్లయిందని చెప్పినప్పుడు పిల్ల నా చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆయనది జగిత్యాల అని తేలేదాకా వదల్లేదు.

మూడో రోజు

పొద్దంతా ఏమీ తేలలేదు. మధ్యాహ్నానికి కామత్‌ఘర్‌లోనే వరాలదేవి చెరువు గట్టు మీద కూలబడ్డాం. నీళ్ల మీంచి కాస్త గాలి వస్తోంది. పిల్ల మూడో కూపన్ తీసి మోకాలి మీద పెట్టుకుంది. నీలి సిరా వెలిసిపోయి బూడిద రంగుకు తిరిగింది. పోస్టాఫీసు ముద్ర సగమే పడింది. 'పాప' అన్న మాటలో రెండో 'ప' మీద సిరా కాస్త ముద్దగా ఉంది. పెన్ను అక్కడ ఆగినట్టుంది.

"ఇది అడిగినంక మళ్ల రాయలే. ఎందుకు రాయలేదో గదొక్కటే అడుగుదామని" అంది పిల్ల.

17 ఏళ్లు ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పాను. నాలుగో మనియార్డర్ వచ్చింది. 2007 జూన్‌లో. అంతకు వారం ముందు భివండి నుంచి వచ్చిన ఒకాయన బావ అక్కడ ఇంకో ఆమెతో ఉంటున్నాడని చెప్పాడు. ఇంట్లో ఏడుపులు. పోస్ట్‌మన్ వచ్చేసరికి అక్క చుట్టిన బీడీలు అప్పగించడానికి కార్ఖానాకు పోయింది. గడపలో నేనున్నాను. "మా అక్క తీసుకోనన్నది, వాపస్ పంపుర్రి" అన్నాను. అక్క అట్లా అనలేదు. ఆమెకు ఆ సంగతే తెలియదు. పోస్ట్‌మన్ ఫారం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. దాని మీద రెండు మాటలు ఏం రాసి ఉన్నాయో నేను చూడను కూడా చూడలేదు. ఇక మళ్లీ రాలేదు.

పిల్ల ఏడవలేదు, అరవలేదు. చెరువు వైపు చూస్తూ అడిగింది. "అప్పుడు నీకు ఎన్నేండ్లు మామా?"

"పంతొమ్మిది."

"నాకన్న రెండేండ్లే పెద్ద."

కూపన్ను కవర్లో పెట్టి లేచి నిలబడింది. "అమ్మకు నువ్వే చెప్పాలె. నేను చెప్ప." సరే అన్నాను. నా సంచిలోని ఫైలు సంగతి కూడా అప్పుడే చెప్పాను. దాన్ని లాడ్జిలోనే ఉంచి రమ్మంది.

ఆ సాయంత్రం దారి దొరికింది. ఒంటరిగా ఉండే సాంచాల కార్మికులు భోజనం చేసే మెస్సును ఇక్కడ భీసీ అంటారు. నెలకింత అని కట్టి రెండు పూటలా తింటారు, 12 గంటల పాళీ (షిఫ్టు) దిగి నేరుగా అక్కడికే వస్తారు. మనిషి ఖోలీ (అద్దె గది) మారినా, కారఖానా మారినా భీసీలో ఖాతా ఉంటుంది. ఇది మాకు ముందే తట్టాల్సింది. కామత్‌ఘర్‌లో పాత భీసీ నడిపే పెద్దమ్మది వేములవాడ దగ్గరి పల్లె. అటక మీది నుంచి పొడుగాటి ఖాతా పుస్తకాలు దించింది. ఎర్రగుడ్డ అట్టలు, లోపల ఒక్కో పేజీకి ఒక్కో మనిషి, తిన్న పూటకొక గీత. పిల్ల నేల మీద కూర్చుని ఒక్కో పేరు వేలు పెట్టి చదివింది. రెండో పుస్తకంలో దొరికాడు. ఆ పేజీలో గీతలు మధ్యలో ఆగిపోయి, కింద బాకీ, దాని మీద అడ్డంగా కొట్టివేత.

"ఈయననా!" అంది పెద్దమ్మ. "సిరిసిల్లాయన. బాకీ పెట్టి పోయి, ఏడాదికి తానే వచ్చి కట్టిండు. చెవులు పోయినయి పాపం. సాంచాలు బందువెట్టి అంజూర్‌ఫాటా దిక్కు గోదాముకు వాచ్‌మన్‌గ ఉన్నడు." తర్వాత పిల్ల మొహం వైపు చూసి, ఆ పుస్తకం మూసేసి, మమ్మల్ని తినకుండా కదలనివ్వలేదు.

నాలుగో రోజు

అంజూర్‌ఫాటా దగ్గర రైలు పట్టాలకు అవతల వరసగా గోదాములు. నాలుగో గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషిని నేను దూరం నుంచే గుర్తుపట్టాను. జుట్టు నెరిసింది, ఒళ్లు తగ్గింది. కూర్చున్న తీరు అదే, ఒక భుజం కాస్త కిందికి. పిల్లకు చెప్పలేదు. తనే నడుస్తూ పోయి ఆయనకు నాలుగడుగుల దూరంలో ఆగింది.

ఆయన ముందు నన్ను చూశాడు. లేచాడు. నేను "బావా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అట్లా వస్తుందని నేననుకోలేదు. ఆయన పిల్ల వైపు తిరిగాడు. ఎవరని అడగలేదు. పిల్లది అచ్చం మా అక్క మొహం.

గేటు వెనక ఒక్క గది ఇల్లు. ఆయన భార్య సోలాపూర్ తెలుగామె. నన్నూ పిల్లనూ ఒకసారి చూసి, ఏమీ అడగకుండా చాప పరిచి మంచినీళ్లు తెచ్చింది. పన్నెండేళ్ల కొడుకు తలుపు పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆ గదిలో మొదట మాట్లాడింది బావే. చెవులు వినబడని వాళ్లలాగే గట్టిగా అరిచినట్టు అడిగాడు. "సాంచాలు నడుస్తున్నయా?"

ఇన్నేళ్ల తర్వాత అడగడానికి ఆయనకు దొరికింది ఆ ఒక్క మాటే. నాకు కోపం వచ్చింది. పిల్ల మాత్రం "జనవరిల ఆగినయి. ఇప్పుడు కొన్ని నడుస్తున్నయి" అని నిదానంగా చెప్పింది. ఆయన చెయ్యి చెవికి ఆనించి పెదవుల వైపు చూశాడు. సగమే అందింది. సాంచాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెళ్లు దాటుతుంది. రోజుకు 8 గంటలకు మించి ఆ చప్పుడులో ఉండకూడదని ఫ్యాక్టరీ నిబంధనలు. ఇక్కడ పాళీయే 12 గంటలు. చెవి లోపలి కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. సాంచాల దగ్గర పనిచేసేవాళ్లు సైగలతో, పెదవుల కదలికతో మాట్లాడుకోవడం నేను చిన్నప్పటి నుంచి చూశాను. అది వాళ్లకు ఇంట్లో కూడా అవసరమవుతుందని ఎన్నడూ అనుకోలేదు.

మనియార్డర్ సంగతి ఆయనే ఎత్తాడు. "పైసలు వాపస్ వచ్చినయి. ఇగ మీకు నేను వద్దనుకున్న." నేను నోరు తెరిచేలోపే పిల్ల ముందుకు జరిగి, ఆయనకు పెదవులు కనిపించేలా మొహం ఎదురుగా పెట్టి ఒక్కో మాటా విడివిడిగా అంది. "పైసలు వాపస్ వస్తే, మీరు రావచ్చు గద."

ఈసారి పూర్తిగా అందింది. ఆయన తల వంచుకున్నాడు. చాలాసేపు ఎత్తలేదు. ఆయన భార్య గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను చేసిన తప్పు నాదే. కానీ ఆ గదిలో కూర్చుంటే ఒకటి స్పష్టంగా అర్థమైంది. నేను వెనక్కి పంపింది ఒక్క మనియార్డర్‌ను. మిగతా 17 ఏళ్లు రాకుండా ఉన్నది ఆయన.

అప్పుడు పిల్ల బ్యాగు తెరిచి, కవరు తీసి, మూడో కూపన్ ఆయన ముందు చాప మీద పెట్టింది. ఆయన దాన్ని దగ్గరగా తెచ్చుకుని చూశాడు. తన చేతిరాతే. ఆ ప్రశ్న కింద వేలెడు జాగా ఖాళీగా ఉంది. పిల్ల పెన్ను తీసి అక్కడ తన పేరు రాసింది. గుండ్రంగా, పరీక్ష పేపర్ మీద రాసినట్టు. ఆయన కొడుకును పిలిచి చదవమన్నాడు. కుర్రవాడు వంగి చూసి "తెలుగు నాకు చదవరాదు" అని తల్లి వెనక్కి జరిగాడు. వాడి బడి మరాఠీ. అప్పుడిక ఆయనే చదివాడు. గుణింతం పలికినట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. మొదటిసారి తప్పు పలికాడు. పిల్ల సరిచేసింది. రెండోసారి సరిగ్గా పలికాడు. మూడోసారి పలుకుతుంటే గొంతు ఆగిపోయింది.

మేం అక్కడ రెండు గంటలున్నాం. ఎక్కువ మాటలేం లేవు. కుర్రవాడు మెల్లగా దగ్గరికి వచ్చి పిల్లను "దీదీ" అన్నాడు. సిరిసిల్లలో ఏముంటాయని అడిగాడు. మానేరు వాగు గురించి, మిడ్ మానేరు నీళ్ల గురించి పిల్ల వాడికి చెప్పింది. తన ఫోన్ నంబరు వాడి పుస్తకంలో రాసింది, ఆయన ఫోన్లో కాదు. ఫీజు మాట నేను ఎత్తలేదు. ఎవరూ ఎవరినీ క్షమించమని అడగలేదు. పిల్ల ఆయన్ను డాడీ అనలేదు, బాపు అనలేదు. లేచేటప్పుడు "పోయొస్తం" అంది. ఆయన కూపన్‌ను మడవకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇవ్వమని పిల్ల అడగలేదు.

రాత్రి కళ్యాణ్‌లో మళ్లీ దేవగిరి ఎక్కాం. పిల్ల పడుకున్న పది నిమిషాలకే నిద్రపోయింది.

అయిదో రోజు

కామారెడ్డిలో మధ్యాహ్నం దిగి, సాయంత్రానికి ఇల్లు చేరాం. అక్క అరుగు మీద చాట ముందు ఉంది. నానబెట్టిన తునికాకు మీద రేకు పెట్టి కత్తిరిస్తోంది. పిల్లను చూసి మొహం తుడుచుకోమంది. కాళ్లు కడుక్కోమంది. ఇంకేం అడగలేదు. పిల్ల కవరు తీసి ఆమె పక్కన పెట్టింది. అక్క చేతికంటిన పొగాకు చీరకొంగుకు తుడుచుకుని, కవరు విప్పి లెక్క చూసింది.

"రెండే ఉన్నయేంది?"

"మూడోదాని మీద జవాబు రాసిచ్చిన" అంది పిల్ల.

అక్క కాసేపు ఆ రెండు ముక్కల్నీ చేతిలో పట్టుకుని ఉండిపోయింది. పిల్ల నా వైపు చూసి లోపలికి వెళ్లింది. నేను చాటకు ఇవతల కూర్చున్నాను.

"అక్కా, నాలుగోది కూడా వచ్చింది" అన్నాను.